నర్సింగ్ నుంచి మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌కి ఎప్పుడు వెళ్ళాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మిడ్‌వైఫరీకి, అంటే గర్భిణుల్ని చూసుకుని మామూలు కాన్పులు చేసే పనికి, వెళ్దామనుకునే నర్సులు నన్ను అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. నైట్ డ్యూటీలో కాస్త తీరిక దొరికినప్పుడు అడుగుతారు, అర్ధరాత్రి మెసేజ్ పెట్టి అడుగుతారు, దరఖాస్తు గడువు రేపనగా ఫోన్ చేసి అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇలా ఒకచోట రాసిపెట్టాను. ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి ఇటు వచ్చినదాన్ని కాబట్టి ఇందులో కొంత నిబంధన ఉంది, కొంత నా సొంత అభిప్రాయం ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ఆలోచన మొదలైనప్పుడు

నేను లేబర్ రూమ్‌లోనే నర్సుని. కాన్పులు కూడా చేశాను. మళ్ళీ ట్రైనింగ్ దేనికి?

చేతి పని చాలావరకు ఒకటే. తేడా అంతా నిర్ణయం ఎవరిదన్న దగ్గరే. లేబర్ రూమ్‌లో నర్సు డాక్టరు ఇచ్చిన ప్లాన్‌ని నడిపిస్తుంది, ఏదైనా తేడా కనిపిస్తే చెబుతుంది. గర్భం, కాన్పు మామూలుగా సాగుతున్నంతవరకు మిడ్‌వైఫ్‌కి ప్లాన్ కూడా తనదే. నొప్పులతో వచ్చిన ఆమెని చేర్చుకోవాలా, ఇంటికి పంపి మళ్ళీ రమ్మనాలా? లోపలి పరీక్ష ఇప్పుడే చేయాలా, ఆగవచ్చా? డాక్టరుని పిలవాల్సిన క్షణం ఇదేనా? ఇవన్నీ ఆమే తేల్చుకుని కింద తన సంతకం పెడుతుంది.

భారతదేశంలో జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా), బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్ళ రిజిస్ట్రేషన్‌లో నర్సుతో పాటు మిడ్‌వైఫ్ అన్న మాట కూడా ఉంటుంది. అందుకే అక్కడివాళ్ళకి ఈ సందేహం ఇంకా ఎక్కువ. అయినా 2018లో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చినప్పుడు రిజిస్టర్డ్ నర్సులకే విడిగా 18 నెలల శిక్షణ పెట్టింది. కాగితం మీద పేరు ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత మోయడం రాదని ఒప్పుకున్నట్టే కదా.

వార్డు మీద విసుగుతో ఇటు చూస్తున్నానేమో అని నాకే అనుమానం. ఎలా తెలుసుకోవాలి?

ఆ అనుమానం రావడమే మంచిది. రానివాళ్ళే తర్వాత ఇబ్బంది పడతారు.

మీకు విసుగు తెప్పిస్తున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. నైట్ డ్యూటీలు, సిబ్బంది చాలకపోవడం, రాతకోతలు, పైవాళ్ళ మాటలు అని రాస్తే, అవన్నీ ఇక్కడ కూడా మీకోసం ఎదురుచూస్తుంటాయి. నైట్ డ్యూటీ అని నొప్పులు ఆగవు. అలా కాక, ఒక్క మనిషి దగ్గర పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాననో, నాకు తెలిసినదాన్ని బట్టి నిర్ణయం తీసుకునే వీలు లేదనో, ఇంటికి వెళ్ళాక ఆమె ఏమైందో తెలియడం లేదనో రాశారా? అయితే మీ విసుగు మిమ్మల్ని సరైన దిక్కుకే నెడుతోంది.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. అనుమతి తీసుకుని ఒక మొదటి కాన్పుకి ఆసాంతం పక్కన కూర్చోండి. పుట్టే అరగంట చూసి వస్తే లెక్కలోకి రాదు, నొప్పులు ఊపందుకున్న దగ్గర్నుంచి కూర్చోవాలి. మొదటి కాన్పులో ఆ దశ 12 గంటల దాకా సాగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. ఆ గంటల్లో చేసేది ఎక్కువగా నడుము రుద్దడం, నీళ్ళు తాగించడం, బిడ్డ గుండె చప్పుడు వినడం, ఊరికే పక్కన ఉండటం. నేను అలా కూర్చున్న మొదటిసారి ఐదో గంటకి, అవసరమే లేని ఐవీ లైన్ కోసం నా చేతులు వెతికాయి. ఏదో ఒకటి చేసెయ్యాలన్న ఆరాటం అది. ఆరాటం రావడం తప్పు కాదు. ఆ కూర్చోవడమే దండగ అనిపిస్తే మాత్రం ఈ పని మీకు పడదు.

పుట్టిన బిడ్డల్ని చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ ఇష్టం చాలదా?

చాలదు. మిడ్‌వైఫ్ బిడ్డతో గడిపేది కాసేపు, తల్లితో గడిపేది గంటలు. పైగా ప్రతి కాన్పూ బిడ్డ ఏడుపుతో ముగియదు. కడుపులోనే గుండె ఆగిపోయిన బిడ్డని కనాల్సి వచ్చిన తల్లి పక్కన ఉండేది కూడా మనమే. బిడ్డల మీద ఇష్టమే మీ అసలు కారణమైతే నవజాత శిశువుల ఐసీయూ మీకు ఇంకా బాగా కుదరవచ్చు.

నాకు పిల్లల్లేరు. నొప్పులు పడనిదానివి నీకేం తెలుసు అంటారేమో?

అంటారు, అప్పుడప్పుడు. ఆపరేషన్ చేయించుకోకుండానే మీరు సర్జికల్ వార్డులో ఎంతమందిని చూసుకోలేదు! సొంత కాన్పు అనుభవం ఉన్నవాళ్ళకి ఉండే చిక్కు వేరు: ఎదుటి మనిషి నొప్పిని తమ నొప్పితో పోల్చేస్తుంటారు.

నేను మగ నర్సుని. ప్రయత్నించవచ్చా?

మీ దేశంలో, మీరు చూస్తున్న కోర్సులో మగవాళ్ళని తీసుకుంటారో లేదో ముందు కనుక్కోండి. బ్రిటన్‌లో 1983 దాకా మగవాళ్ళ మీద చట్టపరమైన ఆంక్షలుండేవి, ఇప్పుడు లేవు. అవకాశం ఉన్నచోట కూడా కొందరు స్త్రీలు వద్దంటారు. దాన్ని మనసుకి తీసుకోకుండా పక్కకి తప్పుకోగలగడం ఈ పనిలో భాగమే.

## ఎప్పుడు వెళ్ళాలి

ఎన్నేళ్ళు నర్సుగా చేశాక వెళ్తే మంచిది?

అందరూ రెండేళ్ళంటారు. ఆ అంకెలో మహిమ ఏమీ లేదు. నర్సింగే చదవకుండా నేరుగా మిడ్‌వైఫరీలో చేరే కోర్సులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అక్కడినుంచి వచ్చినవాళ్ళు చక్కగా పనిచేస్తున్నారు. మీరు చూస్తున్న కోర్సు కనీస సర్వీసు అడిగితే అది నియమం, దానికి తిరుగు లేదు. అడగకపోతే ఏళ్ళు లెక్కపెట్టడం మానండి.

నేను చూసేది రెండు అలవాట్లని. మొదటిది పట్టుబడాలి, రెండోది గట్టిపడకూడదు. ఆ మధ్యలో ఉన్న కాలమే వెళ్ళడానికి సరైనది.

మొదటి అలవాటంటే ప్రాథమిక పనులు ఆలోచించకుండా జరిగిపోవడం. బీపీ చూస్తూనే మనిషి ముఖంలో రంగు మారడం గమనించడం, మందు డోసు లెక్క తడుముకోకుండా వేయడం, ఇద్దరు ఒకేసారి పిలిస్తే ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తెలియడం, హ్యాండోవర్‌లో (షిఫ్టు మారేటప్పుడు తర్వాతివాళ్ళకి అప్పగించేటప్పుడు) అవసరమైనదే చెప్పడం. ఇవి ఇంకా టెన్షన్ పెడుతుంటే కొత్త చదువు మొయ్యడం కష్టం.

రెండో అలవాటు ఆర్డర్ వచ్చేదాకా ఆలోచన కూడా ఆపేయడం. అది నెమ్మదిగా పడుతుంది, మనకి తెలియదు. ఒకరోజు రౌండ్స్‌లో డాక్టరు "మీకేమనిపిస్తోంది సిస్టర్?" అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు. అలా రెండుసార్లు జరిగిందంటే ఇక ఆలస్యం చేయకండి. కొందరికి ఏడాదిన్నరకే సమయం వచ్చేస్తుంది. నాకు ఎనిమిదేళ్ళు పట్టింది, అందులో చివరి మూడేళ్ళు దండగ అనే చెబుతాను.

నర్సింగ్ అయిపోయిన వెంటనే చేరిపోతే నష్టమా?

చదివే అలవాటు ఇంకా పోలేదు, ఇంటి బాధ్యతలు తక్కువ. ఈ రెండూ లాభాలే. ఇబ్బంది ఎక్కడంటే, నర్సుగా మొదటి ఏడాది నేర్చుకోవాల్సినవి, మిడ్‌వైఫ్‌గా నేర్చుకోవాల్సినవి ఒకేసారి మీద పడతాయి. మీ నర్సింగ్ శిక్షణలో వార్డు పోస్టింగులు గట్టిగా జరిగి ఉంటే వెళ్ళండి. అక్కడ ఎక్కువగా గోడ పక్కన నిలబడి చూసినవాళ్ళయితే, రద్దీగా ఉండే వార్డులో ఏడాది పనిచేసి వెళ్ళడం మేలు.

40 దాటింది. ఆలస్యమైపోయిందా?

కొన్ని కోర్సులకి వయోపరిమితి ఉంటుంది, ముందు అది చూసుకోండి. అది అడ్డం కాకపోతే వయసు కంటే మోకాళ్ళ సంగతి ఆలోచించండి. కాన్పు మంచం మీదే జరగాలని లేదు. ఆమె నేల మీద కూర్చుంటే మనమూ కింద కూర్చోవాలి, వంగి గంటసేపు ఉండాలి. ఒంటికి అది కుదిరితే, చదువు అయ్యాక కనీసం పదేళ్ళు పనిచేసే వీలుంటే, పెట్టిన శ్రమ గిట్టుతుంది. నా బ్యాచ్‌లో తల్లులు ఎక్కువగా నమ్మింది అందరికన్నా పెద్దావిడనే.

ఇంట్లో చంటిబిడ్డ ఉంది. ఇప్పుడు వెళ్ళాలా, స్కూల్లో వేశాకా?

బిడ్డ వయసుకంటే రాత్రి మూడింటికి బిడ్డని ఎవరు చూసుకుంటారన్నదే అసలు ప్రశ్న. కొన్ని కోర్సుల్లో ఒకే గర్భిణిని మొదటి నుంచి చివరిదాకా వెంట ఉండి చూసుకోవాల్సి ఉంటుంది. ఆమెకి నొప్పులొచ్చాయని ఫోన్ వస్తే ఎంతరాత్రయినా బయల్దేరాలి. "ఎవరో ఒకరు చూసుకుంటారులే" అన్నది ఏర్పాటు కాదు. ఫలానా మనిషి అని పేరు పెట్టి చెప్పగలిగి, వాళ్ళు సరేనన్నాకే దరఖాస్తు చేయండి.

చేరే ముందు ఏ వార్డులో చేస్తే ఎక్కువ ఉపయోగం?

ఎమర్జెన్సీలో పనిచేసినవాళ్ళకి రక్తస్రావం చూసి కాళ్ళు వణకవు. మెడికల్ వార్డు వాళ్ళకి బీపీ, షుగరు, గుండె జబ్బులున్న గర్భిణుల సంగతి త్వరగా అర్థమవుతుంది. నవజాత శిశువుల దగ్గర చేసినవాళ్ళకి పుట్టిన మొదటి నిమిషంలో చేతులు వాటంతటవే కదులుతాయి. ఒకటే ఎంచుకోమంటే మాత్రం నేను బాలింతల వార్డు చెబుతాను. అందరూ చిన్నచూపు చూసే వార్డు అది. పాలు పట్టడంలో కష్టాలు, కుట్ల నొప్పి, మూడో రోజు ఎందుకో తెలియకుండా వచ్చే ఏడుపు, ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి.

ప్రమోషన్ వచ్చేలా ఉంది. తీసుకుని వెళ్ళాలా, వదిలేసి వెళ్ళాలా?

తిరిగి వస్తే ఆ హోదా మీకోసం ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి. ఉంటుందంటే తీసుకోండి. లేదంటే, ఇన్‌చార్జ్ పని మిమ్మల్ని మంచం పక్కనుంచి డ్యూటీ చార్టుల దగ్గరికి తీసుకెళ్తుందని గుర్తుంచుకోండి. జీతం పెరిగాక దాన్ని వదులుకోవడం ఏటేటా కష్టమవుతుంది తప్ప తేలికవదు.

## కోర్సు ఎంచుకునేటప్పుడు

నర్సులకి కోర్సు ఎంతకాలం ఉంటుంది?

ఇంటర్నేషనల్ కాన్ఫెడరేషన్ ఆఫ్ మిడ్‌వైవ్స్ ప్రమాణాల ప్రకారం నర్సింగ్ చదివినవాళ్ళకి కనీసం 18 నెలలు, నేరుగా చేరేవాళ్ళకి కనీసం 3 ఏళ్ళు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో నర్సులకి రెండు దారులున్నాయి: 3,600 గంటలతో 2 ఏళ్ళు, లేదా 3,000 గంటలతో 18 నెలలు, ఆపైన ఏడాది ఉద్యోగ అనుభవం. అమెరికాలో సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్ కావాలంటే మాస్టర్స్ గానీ ఆపై చదువు గానీ పూర్తిచేసి సర్టిఫికేషన్ పరీక్ష రాయాలి. ఆరు నెలల్లో మిడ్‌వైఫ్‌ని చేస్తామనే కోర్సు కనబడితే, ఆ సర్టిఫికెట్‌కి రిజిస్ట్రేషన్ ఇస్తారా అని మీ నర్సింగ్ కౌన్సిల్‌లో అడగకుండా డబ్బు కట్టకండి.

స్టూడెంట్‌గా ఎన్ని కాన్పులు చేయాలి?

దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్ లెక్క తెలిస్తే ఒక అందాజు వస్తుంది. అక్కడ స్టూడెంటు స్వయంగా కనీసం 40 కాన్పులు చేయాలి. అన్ని కాన్పులు దొరకని చోట 30కి తగ్గించవచ్చు, కానీ మరో 20 కాన్పుల్లో సాయం చేసి ఉండాలి. గర్భిణులకి 100 పరీక్షలు, బాలింతలు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు కలిపి 100 మంది సంరక్షణ, ప్రమాదం ఉన్న 40 మంది స్త్రీల బాధ్యత అదనం. నర్సుగా చేసిన కాన్పులు మీ లాగ్‌బుక్‌లోకి ఎక్కుతాయని ముందే అనుకోకండి.

కాలేజీని ఏమేం అడగాలి?

భవనం, లైబ్రరీ సంగతి తర్వాత. క్లినికల్ పోస్టింగులో ఏడాదికి ఎన్ని కాన్పులు జరుగుతాయి? వాటిని పంచుకునే స్టూడెంట్లు ఎంతమంది, మెడికల్ స్టూడెంట్లతో కలిపి? ఈ రెండు అంకెలు తెలిస్తే మీకు పని దొరుకుతుందో లేదో మీరే లెక్కేసుకోవచ్చు. తర్వాత, అక్కడ మీకు నేర్పేది పనిచేస్తున్న మిడ్‌వైఫేనా అని అడగండి. మామూలు కాన్పు ఎప్పుడూ చెయ్యని టీచరు పుస్తకం మాత్రమే చెప్పగలరు. చివరిగా, ఇప్పుడు అక్కడ చదువుతున్న ఒక స్టూడెంటుతో విడిగా మాట్లాడనివ్వమనండి. నేను దరఖాస్తు చేసిన ఒకచోట దానికి ఒప్పుకోలేదు. నేనూ అక్కడ చేరలేదు.

చదువుతూ నర్సు డ్యూటీలు చేసుకోవచ్చా?

నిబంధన ఒప్పుకుంటే నెలకి ఒకటి రెండు చేయవచ్చు, అంతకుమించితే నిద్ర చాలదు. పోస్టింగులు పూర్తి షిఫ్టులే, వాటి మీద చదువు. జీతంతో కూడిన సెలవు లేదా స్టైపెండ్ ఉందేమో ముందు చూడండి. రెండూ లేకపోతే కోర్సు కాలానికి ఇంటి ఖర్చులు, ఇంకో మూడు నెలలవి కలిపి పక్కన పెట్టుకుని వెళ్ళండి. రిజిస్ట్రేషన్ కాగితం చేతికి రావడానికి, కొత్త ఉద్యోగంలో మొదటి జీతం పడటానికి ఆ మూడు నెలలు ఇట్టే అయిపోతాయి.

## ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు

ఇంత సర్వీసుండి మళ్ళీ స్టూడెంట్‌గా నిలబడటం నామోషీగా ఉంది. అందరికీ ఇంతేనా?

నర్సుగా ఎంత బాగా పనిచేస్తే అంత నామోషీ. నిన్నటిదాకా మీరు నేర్పేవారు, ఇవాళ మీకంటే చిన్నమ్మాయి "అలా కాదండీ" అంటుంది. మొదటి రెండు మూడు నెలలు గడ్డుకాలం. తెలిసినట్టు నటించకండి, ఇక్కడ అది నిజంగా ప్రమాదం. లోపలి పరీక్షలో గర్భాశయ ముఖద్వారం తెరుచుకున్నది 4 సెంటీమీటర్లో 6 సెంటీమీటర్లో తెలియకపోతే తెలియలేదనే చెప్పండి. వేళ్ళకి ఆ కొలత రావడానికి ఎవరికైనా టైము పడుతుంది.

నర్సుగా నేర్చుకున్నవాటిలో ఏం మరిచిపోవాలి?

తొందర. వార్డులో పని త్వరగా ముగించేవాళ్ళే మంచి నర్సు. అదే చేత్తో కాన్పు దగ్గరికి వస్తే, బాగా నడుస్తున్నదాన్ని కదిపి పాడుచేస్తాం. గర్భాశయ ముఖద్వారం గంటకి 1 సెంటీమీటరు తెరుచుకోవాలని చాలామంది నేర్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ కొలత అందరికీ వర్తించదని, నొప్పులు ఊపందుకునే దశని 5 సెంటీమీటర్ల నుంచి లెక్కించాలని చెప్పింది. 2020లో, కాన్పు ఎలా సాగుతోందో గుర్తించే పార్టోగ్రాఫ్ అనే చార్టుని మార్చి లేబర్ కేర్ గైడ్ తెచ్చింది. తల్లి, బిడ్డ బాగున్నంతవరకు నెమ్మదిగా సాగడమే ఒక జబ్బు కాదన్నమాట.

ఆగడమంటే చూడకపోవడం అనుకునేరు. నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకోసారి గుండె చప్పుడు వినాలి. ఖాళీగా కనిపించే ఆ గంటల్లో ఆమె గొంతు మారడం, ఊపిరి మారడం, కాళ్ళు వణకడం అన్నీ సమాచారమే. మీ వార్డు చూపు ఇక్కడ బాగా పనికొస్తుంది, దాన్ని మాత్రం వదులుకోకండి.

ఇంకో చిన్న అలవాటు: "పేషెంట్" అనడం. పేరు పెట్టి పిలవడం మొదలెడితే మన ప్రవర్తన కూడా కొంత మారుతుంది. నాకు ఏడాది పట్టింది.

నా చేతుల్లో ఏదైనా జరిగితే అన్న భయం పోవడం లేదు. ఈ భయంతో వెళ్ళవచ్చా?

ఆ భయం లేనివాళ్ళతోనే నాకు భయం. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, తల బయటికొచ్చి భుజం ఇరుక్కోవడం, ఊపిరి తీసుకోని బిడ్డ, ఫిట్స్: ఈ నాలుగింటికీ వరసగా ఏం చేయాలో బొమ్మల మీద పదేపదే చేయిస్తారు. భుజం ఇరుక్కుంటే ముందు తల్లి మోకాళ్ళని పొట్ట వైపుకి బాగా మడవాలి. చాలాసార్లు అంతటితోనే వచ్చేస్తుంది. ఇలాంటిది ముందే చేతికి వస్తే, అసలు సమయంలో భయం ఉన్నా చేతులు ఆగవు. భయం వల్ల నిద్ర పట్టకపోవడం, డ్యూటీకి వెళ్ళాలంటే కడుపులో తిప్పడం నెలల తరబడి ఉంటే అది వేరే సంగతి. దాన్ని టీచరుకి చెప్పాలి, దాచకూడదు.

మధ్యలో ఇది నాకు కాదనిపిస్తే?

ఒక చెడ్డ రాత్రి తర్వాత నిర్ణయం తీసుకోకండి. నెల గడిచాక కూడా అలాగే ఉంటే తిరిగి వెళ్ళండి. నర్సు రిజిస్ట్రేషన్‌ని వదలకుండా రెన్యూ చేస్తూ ఉంటే తిరుగు దారి ఉంటుంది. అలా వెళ్ళినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు, ఇద్దరూ బాగానే ఉన్నారు.

## చదువు అయ్యాక

మిడ్‌వైఫ్ అయితే నర్సు రిజిస్ట్రేషన్ పోతుందా?

దానంతటది పోదు, పట్టించుకోకపోతే పోతుంది. చాలాచోట్ల రెండూ వేరువేరు. ఉదాహరణకి బ్రిటన్‌లో ఒక్క రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవడానికి మూడేళ్ళలో 450 గంటల పని చూపించాలి, నర్సు, మిడ్‌వైఫ్ రెండూ కావాలంటే 900 గంటలు. మీ దేశంలో లెక్కేమిటో చేరే ముందే తెలుసుకోండి.

డాక్టర్లు మిడ్‌వైఫ్‌లని పనిచేయనిస్తారా?

ఆసుపత్రిని బట్టి. వాదించడానికి ఆధారం కావాలంటే ఉంది. 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (ఎన్నో అధ్యయనాల్ని కలిపి చూసే నివేదిక) 15 ట్రయల్స్‌లో 17,674 మంది స్త్రీల ఫలితాలు చూసింది. మొదటి నుంచి చివరిదాకా మిడ్‌వైఫ్‌లే చూసుకున్నవాళ్ళలో పరికరాలతో బిడ్డని బయటికి తీయడం తగ్గింది. కాని మామూలు రోజున ఈ కాగితం కంటే మీరు సరైన సమయానికి, సరైన మాటల్లో డాక్టరుని పిలవడమే ఎక్కువ పనిచేస్తుంది. రెండుసార్లు అలా పిలిస్తే మూడోసారి మీ మాట వింటారు.

జీతం పెరుగుతుందా?

కొన్నిచోట్ల పెరుగుతుంది, కొన్నిచోట్ల నర్సు జీతమే, ఇంకొన్నిచోట్ల సీనియర్ నర్సు అయినవాళ్ళు కొత్త మిడ్‌వైఫ్‌గా కింది మెట్టు నుంచి మొదలవుతారు. పోస్టు పేరు, పే స్కేలు రెండూ అడగండి. మిడ్‌వైఫ్ పోస్టే లేని ఆసుపత్రి మిమ్మల్ని ట్రైనింగ్‌కి పంపుతుంటే, తిరిగొచ్చాక మళ్ళీ ఏదో ఒక వార్డులో వేస్తారు.

మా సీనియర్లు "ఇంకో ఏడాది ఆగు" అంటున్నారు. ఆగనా?

ఆ ఏడాదిలో నేను ఏం నేర్చుకోవాలని మీ ఉద్దేశం అని వాళ్ళనే అడగండి. "నీకు రక్తస్రావం కేసులు చాలా తక్కువ పడ్డాయి" అనో, "ఒత్తిడిలో చార్టు రాయడం మరిచిపోతున్నావు" అనో చెబితే వాళ్ళు మిమ్మల్ని గమనించారు, ఆగండి, ఆ పని మీదే ఉండండి. "ఏముంది, అనుభవం వస్తుంది" అన్నారంటే బహుశా వార్డులో మనుషులు తక్కువగా ఉన్నారు. దరఖాస్తు పెట్టేయండి.